సర్కారు చుట్టం

తాయారు గారికి నూకరాజు నమస్కరించి రాయునది.

ముందుగా నా అక్షరాలకి క్షమించాలి. ఐదో తరగతితో ఆగిన చదువు. ఒత్తులు పెట్టాల్సిన చోట పెట్టను, అక్కర్లేని చోట పెడతాను. చెయ్యి కూడా ఈ మధ్య వణుకుతోంది. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి.

లోటు అర్జీలు మా ఊళ్ళో ఎలా తేలుస్తారో రాయమన్నారు. దెబ్బతిన్న మీ ఎడమ చేతి అర్జీ కూడా త్వరలోనే వస్తుంది కదా. ఒక్కసారే కూర్చుని ఇంత రాయడం నా వల్ల కాదు. అందుకని ఏ రోజుకారోజు కొంచెం కొంచెం రాసి పెట్టాను. ఆ కాగితాలే పంపుతున్నాను.

మొదటి రోజు

సర్కారు చుట్టం ఇవాళ దిగాడు. పేరు దానియేలు గారు. చాలా పొడుగు మనిషి. ఆకాశంలో వాళ్ళు ఉండే చక్రం మన చక్రాల కంటే నెమ్మదిగా తిరుగుతుందట. అక్కడ ఒంటికి బరువు తక్కువ కాబట్టి అందరూ అలాగే పొడుగు సాగుతారట. మా గుమ్మంలో వంగి వచ్చాడు, వంగే కూర్చున్నాడు.

పద్ధతి ఇది. యుద్ధంలో దెబ్బతిన్నవాళ్ళ అర్జీలు పూర్వం కాగితాలు చూసి యంత్రం తేల్చేదట. కాలు పోయినవాడికి నడకలో లోటేమీ లేదని రాసేదట. జనం గోల చేస్తే ఆ యంత్రాన్ని ఆపి ఈ చుట్టాల పద్ధతి పెట్టారు. సర్కారు మనిషి ఆరు రోజులు మన ఇంట్లో చుట్టంలా ఉంటాడు. పెట్టింది తింటాడు, పనిలో చెయ్యి వేస్తాడు. దెబ్బ గురించి ఆయన అడగకూడదు, మనం చెప్పకూడదు, ఊరూ చెప్పకూడదు. చూసి తెలుసుకోవాలి. మాటకారి లాభపడకుండా, నాలాంటివాడు నష్టపోకుండా అని అలా పెట్టారట. ఆఖరి రోజు ఊరందరి ముందు ఒక్క ప్రశ్న మాత్రం అడగొచ్చు. ఆయన కోసమని ఇంట్లో ఏదైనా కావాలని మార్చి నాటకం ఆడినట్టు తేలితే అర్జీ కొట్టేస్తారు.

పావు లోటని తేలితే చక్రం మరమ్మతు పనికి పిలవరు. అర లోటైతే ఏ పనికీ పిలవరు. ముప్పావు అయితే తోడు వాటా ఇస్తారు. అంటే ఇంట్లో ఇంకో మనిషికి గాలి, నీళ్ళు. తలకింత అని కొలిచే గాలి కదా మనది, ఆ వాటా లేకుండా బయటి చక్రం మనిషిని ఎవరూ తెచ్చుకోలేరు. నేను అర్జీ పెట్టింది దానికోసమే. ఎవరిని పిలుద్దామనుకున్నానో, అది తేలాక రాస్తాను.

నా లోటు మీకు కొత్త కాదు. పైన ఏదో కింద ఏదో చెప్పే చోటు చెవి లోపల పాడైపోయిందని ఆస్పత్రిలో డాక్టరు చెప్పినప్పుడు మీరు పక్కనే ఉన్నారు. నా మంచానికి దారం కట్టి ఇనప నట్టు వేలాడదీసింది మీరే. అది ఎటు వేలాడితే అటే కింద, మిగతాదంతా అబద్ధం అనుకోమన్నారు. ఇక్కడికొచ్చాక సంగతి మీకు తెలీదు. మా చక్రంలో ముందు చూసినా వెనక చూసినా నేల పైకి లేచినట్టే ఉంటుంది. కంటికి నమ్మదగ్గ గీత ఒక్కటీ లేదు. మీరు చెప్పిన ఉపాయం మా పక్కింటి అచ్చియ్యమ్మ వదినకి చెప్పాను. ఆవిడ సందు పొడుగునా నెత్తిమీది నీళ్ళ గొట్టాలకి దారాలు కట్టింది. చివర ఒకటి బోల్టు, ఒకటి గజ్జె, ఒకటి విరిగిన గరిటె. అది చూసి పక్క సందు, తర్వాత ఊరంతా. ఇప్పుడు కొత్త ఇల్లు కడితే తలుపు కంటే ముందు దారం కడతారు. వాటిని చూసుకుంటూ నేను ఎక్కడికైనా మామూలుగా నడుస్తాను.

ఇక్కడే వచ్చింది చిక్కు. చుట్టం వస్తున్నాడని తెలిసి ఊరివాళ్ళు పండక్కి చేసినట్టు చేశారు. పాత దారాలు తీసి కొత్తవి కట్టారు. బరువులకి రంగులేశారు. సర్కారు మనిషి ఎదుట మన నూకరాజు తూలితే ఊరికెంత నామోషీ అనుకున్నారట. నేను చూసేసరికి అంతా అయిపోయింది. ఇంత తిన్నగా నేను యుద్ధానికి ముందు కూడా నడవలేదు.

రెండో రోజు

పొద్దున బాతుల్ని తోలుకుని వరి తొట్లకి వెళ్ళాను. దానియేలు గారు కూడా వచ్చారు. బాతులు తొట్లలోకి దిగి పురుగులు ఏరుకుంటుంటే నేను గట్టు మీద నడుస్తాను. గట్టు పైన కూడా దారాలున్నాయి. ఆయనకి అలవాటు లేక జారి తొట్లో పడ్డారు. నేనే చెయ్యిచ్చి లాగాను. బాతులన్నీ ఆయన చుట్టూ చేరి ఒకటే అరుపు.

ఆయన బురద తుడుచుకుంటూ నవ్వారు. మంచి మనిషి. నాకంటే మీరే గట్టిగా ఉన్నారండీ అన్నారు. నేను తల దించుకున్నాను. అర్జీదారుకి ఇంతకంటే చెడ్డ మాట ఉండదు.

దారాలేంటని ఊరిపెద్ద గవర్రాజు గారిని అడిగారట. దెబ్బ గురించి అడగకూడదు గానీ దారాల గురించి అడగొచ్చు కదా. గవర్రాజు గారికి కంగారు పుట్టి, అలంకారమండి, మా తాతల నాటి ఆచారమండి అని చెప్పేశారు. ఆయన తాత ఎప్పుడో భూమ్మీదే పోయాడు.

మధ్యాహ్నం దోసావకాయ, బచ్చలి పప్పు. ఆయన మూడుసార్లు వడ్డించుకున్నారు.

మూడో రోజు

దానియేలు గారి నుదురు బొప్పి కట్టింది. దారాలు మా ఎత్తుకి కట్టినవి. ఆయన ఎటు తిరిగినా బోల్టో గజ్జో నుదుటికి తగులుతుంది. వంగి నడిస్తే నెత్తికి తగులుతుంది. పొద్దున ఒక బొప్పి, సాయంత్రానికి రెండు. ఆయన ఒక్కమాట అనడు. మీ ఆచారం చాలా అందంగా ఉందండీ అంటాడు నుదురు రాసుకుంటూ. ఊరికి తల కొట్టేసినట్టుంది.

గవర్రాజు గారు బాతుల పాకలోకి వచ్చి మెల్లిగా చెప్పారు. చుట్టం ఆయనతో మాట్లాడుతూ, ఇంత హాయిగా ఉన్న అర్జీదారుని ఇంతవరకూ చూడలేదన్నాడట. పావు కూడా రాదేమో అన్నారు. దారాల సంగతి ఎవరైనా చెబుదామంటే చెప్పకూడదు. తీసేద్దామంటే నాటకమవుతుంది. మనం బాగా చూసుకోబట్టి నీకు నష్టమొచ్చింది నూకరాజూ అని పాపం ఆయన కళ్ళు తుడుచుకున్నారు. నాకు నవ్వొచ్చింది. ఏడవాలో నవ్వాలో తెలీనప్పుడు నాకు నవ్వే వస్తుంది.

మనసులో మాత్రం నవ్వు లేదు. ఇంట్లో రెండో మంచం వేసే చోటు పోయిన నెలలోనే శుభ్రం చేసి పెట్టుకున్నాను.

నాలుగో రోజు

అచ్చియ్యమ్మ వదిన ఊరుకోలేదు. దానియేలు గారు స్నానానికి వెళ్ళగానే నన్ను వాళ్ళ వంటింట్లోకి పిలిచింది. ఒక్కసారి ఆయన ఎదుట పడిపోతే చాలు, అంతా ఆయనకే తెలుస్తుంది అంది. కింద బొంత పరిచింది. పడమంది.

నేను నిలబడ్డాను. ఎదురుగా దారం తిన్నగా వేలాడుతోంది. దాన్ని చూస్తూ పడటం ఎలా? కళ్ళు మూసుకోమంది. మూసుకోగానే వదిన భుజం గట్టిగా పట్టుకున్నాను. వదలమంది. వదల్లేదు.

"మరిదీ, ఆఖరికి పడటానిక్కూడా సిగ్గేనేంటయ్యా నీకు?"

"సిగ్గు కాదొదినా. మన అన్నం తింటున్న మనిషిని ఎలా మోసం చేస్తాం?"

"మోసం ఏముంది? దారం లేకపోతే పడేవోడివే గదా?"

"దారం ఉంది గదా మరి."

వదిన బొంత మడతపెట్టేసింది. ఇంత చేతకాని సిపాయిని పంపబట్టే ఆ యుద్ధం అన్నాళ్ళు సాగింది అంది. ఆకాశంలో తిరిగే మంచు రాళ్ళ కోసం జరిగిన యుద్ధం అన్నేళ్ళెందుకు సాగిందో ఇన్నాళ్ళకి కారణం తెలిసిందని ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

మధ్యాహ్నం దానియేలు గారి నుదుటికి మూడో బొప్పి కట్టింది. వదిన పసుపు తెచ్చి రాసింది. కన్నతల్లి చూస్తే ఏమనుకుంటుందయ్యా నీ మొహం అంది ఆయనతో. ఆవిడ మొహం చిన్నబోయింది. నేను గమనించాను.

ఐదో రోజు

ఇవాళ జరిగింది సరిగ్గా రాయగలనో లేదో.

పొద్దున బాతుల్ని వదులుదామని తలుపు తీశాను. సందులో ఒక్క దారం కూడా కిందికి లేదు. అన్నీ గొట్టాలకి చుట్టి ముడేసి ఉన్నాయి. వదిన తెల్లారగానే లేచి, చుట్టం నుదుటికి తగలకుండా సందు పొడుగునా ఎత్తి కట్టేసింది. చుట్టం బొప్పి తప్ప ఆ క్షణంలో ఆవిడకి ఇంకేదీ గుర్తులేదు.

నేల పక్కకి ఒరిగింది. గోడ పట్టుకుందామని చెయ్యి చాపాను. గోడ నేలయింది. రెండడుగులు వేశాననుకున్నాను, అవి ఎటు వేశానో మాత్రం దేవుడికే తెలియాలి. వదిన గుమ్మం ముందున్న దోసకాయల బానలో కూర్చున్నాను. ఉప్పునీళ్ళు నడుం దాకా వచ్చాయి. బాతులు నా మీంచి నడుచుకుంటూ వెళ్ళిపోయాయి.

బాన చప్పుడుకి వదిన బయటికి వచ్చింది. నన్ను చూసింది, గొట్టాల వైపు చూసింది, గుండె మీద చెయ్యేసుకుంది. మరుక్షణం మొలలో దోపిన తాళాల గుత్తి లాగి, కొంగు చివర కట్టి, చెయ్యి ముందుకి చాపి నిలబడింది. గుత్తి తిన్నగా వేలాడింది. అది చూడగానే నాకు కింద ఏదో తెలిసింది. బానలోంచి లేచాను.

అప్పటికి ఎదురింటి తలుపు తెరుచుకుంది. అక్కడ గవర్రాజు గారు కళ్ళజోడు తీసి దాని తాడు పట్టుకుని చెయ్యి చాపారు. ఆ పక్కన నేతగాళ్ళ పిల్ల నూలు కండె పట్టుకుంది. ఒకాయన చెంబుకి తువ్వాలు కట్టాడు. చంటిబిడ్డ తల్లి, బిడ్డని చంకలోంచి దించకుండానే వాడి మొలతాడు విప్పి, గవ్వ వేలాడేలా పట్టుకుంది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఎవరూ ఎవరినీ పిలవలేదు. తలుపులు తీసి చూడటం, దొరికింది పట్టుకోవడం, చెయ్యి చాపడం. సందు పొడుగునా రెండు వైపులా చేతులే. తాళాలు, గరిటెలు, గవ్వలు.

నేను తడి పంచెతో వాటి మధ్యనుంచి నడిచాను. ఎవరూ నా మొహంకేసి చూడలేదు. నేను సిగ్గుపడతానని వాళ్ళకి తెలుసు. ఎవరి చేతిలో వస్తువు వాళ్ళు కదలకుండా పట్టుకుని దాన్నే చూస్తున్నారు.

సందు చివర దానియేలు గారు స్నానం చేసి తువ్వాలు భుజాన వేసుకుని నిలబడి ఉన్నారు. చూస్తున్నారు. నేను దగ్గరికి వచ్చేసరికి ఆయన మెడలో సర్కారు బిళ్ళ తీశారు. దాని తాడు పట్టుకుని, పొడుగాటి చెయ్యి నా ముందుకి చాపారు. అది చూసుకుంటూ చివరి నాలుగడుగులు వేశాను.

 తర్వాత బాతుల్ని వెతికి తేవడానికి ఆయన కూడా సాయం వచ్చారు.

సాయంత్రం గవర్రాజు గారు భయం భయంగా వచ్చారు. దారాలు కావాలని ఎత్తి కట్టేశామని చుట్టం అనుకుంటే అర్జీ పోయినట్టేనన్నారు. వదిన అన్నం ముట్టలేదు. నీ ఇల్లు నేనే ముంచాను మరిదీ అంది. నిన్న పడమని నేర్పింది కూడా తనే కదా, అది బయటపడితే ఇంకేం ఉందని ఆవిడ భయం. నేను నచ్చజెప్పడం మొదలుపెట్టాను గానీ మీకు తెలుసుగా, నా నచ్చజెప్పడం ఎలా ఉంటుందో. చివరికి ఆవిడే నన్ను ఓదార్చి పంపింది.

ఆరో రోజు

సంత గదిలో ఊరంతా కూర్చుంది. కూర్చోను చోటు లేనివాళ్ళు కిటికీలు పట్టుకుని నిలబడ్డారు. దానియేలు గారు ముందు నిలబడ్డారు. నుదుటి మీద వదిన రాసిన పసుపు ఇంకా ఉంది.

దారాలు ఎత్తి కట్టడం గురించి ఆయన ముందు మాట్లాడారు. నాటకమేమోనని మొదట అనుకున్నానన్నారు. 

"పడటం ఎవరైనా నేర్పిస్తే నేర్చుకోవచ్చు. కానీ చంటిబిడ్డ తల్లి నిద్రమొహంతో లేచొచ్చి మొలతాడు పట్టుకోవడం ఒక్కరోజులో ఎవరూ నేర్పించలేరు. అది ఏళ్ళ తరబడి చేసినవాళ్ళకే వస్తుంది."

వదిన కొంగుతో మొహం కప్పుకుంది.

తర్వాత ఆయన గొంతు తగ్గింది. ఇంటివాళ్ళూ ఊరివాళ్ళూ తీర్చేసిన లోటుని లెక్కలోంచి తీసెయ్యాలన్నది మా ఆఫీసు పద్ధతి అన్నారు. ఈ ఊరు ఇంత బాగా తీర్చింది కాబట్టి అలా తీసేస్తే నూకరాజు గారికి మిగిలేది పావు అన్నారు. గవర్రాజు గారు లేవబోయి మళ్ళీ కూర్చున్నారు.  పావంటే తోడు వాటా లేదు.

"నాకు ఒక్క ప్రశ్న అడిగే హక్కుంది. నూకరాజు గారూ, ఈ దారాలు లేని చోటికి మీరు ఆఖరుసారి ఎప్పుడు వెళ్ళారు?"

అందరూ నా వైపు తిరిగారు.  ఇంతమంది ఎదుట నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

"వెళ్ళలేదండి" అన్నాను.

ఆయన ఆగారు. ఇంకా ఏదో ఉందని ఆయనకి తెలిసినట్టుంది. రెండో ప్రశ్న ఆయన అడగకూడదు. నేనే చెప్పాలి. 

"ఓడల రేవు చక్రానికి నడిమధ్యన ఉందండి. అక్కడ బరువుండదు. దారం కట్టినా వేలాడదండి, తేలుతుంది. యుద్ధం నుంచి నన్ను కళ్ళకి గంతలు కట్టి మోసుకొచ్చారండి. మళ్ళీ ఆ రేవు దాటలేదు. ఒక్కరిని చూసి రావాలని ఉందండి చాలా ఏళ్ళుగా. వెళ్ళలేను. అందుకనే వాళ్ళని ఇక్కడికి..."

అక్కడ ఆగిపోయాను. కిటికీ దగ్గర ఎవరో చీదారు.

దానియేలు గారు కాగితం తీసి అక్కడే రాశారు. రాస్తూ పైకి చదివారు. ఊరు మోస్తున్నంతవరకూ ఊరికి దణ్ణం. ఊరు మోయలేనిది ఒకటి ఉంది, అది ఊరు దాటిన లోకమంతా. లోటు ముప్పావు. తోడు వాటా మంజూరు.

తర్వాత ఏం జరిగిందో నాకు సరిగ్గా గుర్తులేదు. డప్పులు ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలీదు. గవర్రాజు గారు చిందేశారు, ఆ వయసులో. వదిన దానియేలు గారికి జాడీ నిండా దోసావకాయ ఇచ్చింది. అది నేను కూర్చున్న బానలోది కాదని ఒట్టేసి మరీ చెప్పింది. ఆయన నమ్మినట్టు లేదు, అయినా తీసుకున్నారు. ఓడ ఎక్కేదాకా ఆ జాడీ చంకలోనే పెట్టుకున్నాడని రేవు దాకా వెళ్ళినవాళ్ళు చెప్పారు.

ఆ మర్నాడు

తాయారు గారూ, తేలాక రాస్తానన్నాను కదా.

మీరు మాట్లాడితే వినేవాళ్ళు మీ చక్రంలో ఎవరూ మిగల్లేదని పోయిన ఉత్తరంలో రాశారు. నాకు మాట్లాడటం రాదు. వినడం వచ్చు. ఆస్పత్రిలో మీరు నాలుగు నెలలు ఆగకుండా మాట్లాడారు. ఆ తర్వాత నాకు అంత బాగా ఎప్పుడూ నిద్ర పట్టలేదు.

తోడు వాటాలో మీ పేరు రాయించాలని ఉంది. మీకు ఇష్టమైతేనే. మీ అర్జీ ఆగిపోదు, గవర్రాజు గారు కనుక్కున్నారు, ఇక్కడికి మార్పించుకోవచ్చట. మీ చుట్టం మన ఇంటికే వస్తాడు. మా ఊరివాళ్ళు సాయం చేసి చేసి మీకు రెండు చేతులూ బాగున్నట్టే కనిపించేలా చేస్తారు, వాళ్ళని ముందే హెచ్చరించాలి.

కొన్ని సంగతులు ముందే చెప్పాలి. ఇల్లు ఒకటే గది. బాతులు తెల్లవారకముందే అరుస్తాయి, ఎంత చెప్పినా వినవు. మీకు బాతులు పడకపోతే ఇప్పుడే రాయండి, గవర్రాజు గారి తమ్ముడు తీసుకుంటానన్నాడు. నాకు ఇవ్వాలని లేదు గానీ ఇస్తాను. వంట ఇద్దరం చేసుకోవచ్చు. పులుసు నేను బాగానే పెడతాను. ఊళ్ళో ఏమనుకుంటారో అని భయపడకండి. వదిన నన్నేమీ అడగలేదు. పొద్దున వచ్చి రెండో మంచం కిటికీ పక్కకి జరిపి, ఆడమనిషికి వెలుతురు కావాలని చెప్పి వెళ్ళిపోయింది.

రేవు దాకా నేను రాలేను. గవర్రాజు గారు, వదిన వస్తారు. నేను రేవు నుంచి ఊళ్ళోకి దిగే నిచ్చెన కింద నిలబడి ఉంటాను.

వరి కోతలు మొదలయ్యేలోపు పేరు రాయకపోతే వాటా వెనక్కి పోతుంది. ఇప్పటికే వరి వెన్ను వంగింది. కాదన్నా ఫరవాలేదు, నేను అర్థం చేసుకుంటాను. కానీ అవునో కాదో ఈ ఉత్తరం తెచ్చిన ఓడలోనే రాసి పంపండి, తర్వాతి ఓడ దాకా నన్ను ఆపకండి. త్వరగా రాయండి.

ఇట్లు,
నూకరాజు